ఎముకకూ ఒక పదును

శ్రావణమాసంలో ఒక శనివారం తల్లీకూతుళ్ళు ఇద్దరు మా క్లినిక్కుకి వచ్చారు. కూర్చోగానే తల్లి చేతిసంచిలోంచి ఒక కాగితం తీసి నా బల్ల మీద పెట్టింది. పాత రిపోర్టేమో అనుకుని విప్పాను. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. లగ్నపత్రిక.

"మాఘంలో పెళ్ళండీ మేడమ్. ఆ వేళకి దీని పన్ను మీద పన్ను సర్దెయ్యాలి. ఇప్పుడేదో చిన్న ఆపరేషనుందంటగా, అది చేయించుకుంటే క్లిప్పులు సగం రోజుల్లోనే తీసేస్తారంటగా?"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, బెంగళూరులో ఉద్యోగం. నవ్వొస్తే చాలు చెయ్యి దానంతటదే నోటి దగ్గరకి వెళ్ళిపోతుందట, ఎనిమిదో తరగతి నుంచీ.

ఇరవై ఏళ్ళుగా గుంటూరులో పళ్ళు సరిచేసే పనిలో ఉన్నాను. నా దగ్గరకి తొందర లేకుండా వచ్చినవాళ్ళు బడిపిల్లలు మాత్రమే. పెద్దవాళ్ళందరి వెనకా ఒక తారీఖు ఉంటుంది. పెళ్ళి, వీసా, ఉద్యోగం ఇంటర్వ్యూ. ఒకాయన షష్టిపూర్తి ఫొటోల కోసం వచ్చాడు. "నిదానమే ప్రధానం" అంటుంది ఒక సామెత, "ఆలస్యం అమృతం విషం" అంటుంది ఇంకొకటి. రెండూ మన పెద్దవాళ్ళు చెప్పినవే. ఏది ఎప్పుడు వాడుకోవాలో మాత్రం మనకే వదిలేశారు. పళ్ళ విషయంలో ఆ సంగతి ఎలా తేల్చుకోవాలో చెప్పడానికే ఈ అధ్యాయం. మీ తొందర తప్పని నేను అనను. తొందరని చిన్న ఆపరేషనుతో కొనుక్కోవచ్చని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ కొంటున్నది ఏమిటో తెలుసుకోమని మాత్రం అంటాను.

ముందు పన్ను ఎలా కదులుతుందో చూద్దాం. చెక్కలో దిగ్గొట్టిన మేకుని అటూ ఇటూ ఊపి వదులు చేసినట్టు కాదు ఇది. పంటి వేరుకీ దవడ ఎముకకీ నడుమ పల్చటి నారపొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో అయిదోవంతు. తీగ పన్నుని ఒక పక్కకి నెట్టినప్పుడు ఆ పక్క పొర నలుగుతుంది, రెండో పక్క సాగుతుంది. నలిగినవైపు ఎముకని కరిగించే కణాలు చేరతాయి. సాగినవైపు ఎముకని కట్టే కణాలు పనిలోకి దిగుతాయి. ముందున్న గోడ కూల్చుకుంటూ, వెనక కొత్త గోడ కట్టుకుంటూ పన్ను తన గూటితో సహా జరుగుతుంది.

"ఇంకొంచెం టైట్ చెయ్యండి మేడమ్, త్వరగా అవుతుంది" అని అడిగేవాళ్ళు వారానికి ఒకరైనా ఉంటారు. ఎక్కువ నొక్కితే ఆ పొరలో రక్తం ఆడక అక్కడి కణాలు చచ్చిపోతాయి. చచ్చిన ఆ ముక్కని శరీరం ఎముక వెనకవైపు నుంచి తొలుచుకుంటూ వచ్చి శుభ్రం చేసేదాకా పన్ను వెంట్రుకవాసి కూడా జరగదు. స్వీడన్ దేశస్థుడు కార్ల్ శాండ్‌స్టెట్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే కుక్కల పళ్ళ మీద దీన్ని చూపించాడు. బలం పెంచితే వేగం పెరగదని తేలి నూరేళ్ళు దాటింది. మామూలుగా కోరపన్నుని వెనక్కి లాగేటప్పుడు అది నెలకి ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. ఎత్తుపళ్ళకి చోటు కోసం ఒక చిన్న దవడపన్ను తీసేస్తే ఏర్పడే సందు సుమారు ఏడు మిల్లీమీటర్లు. లెక్క మీరే వేసుకోవచ్చు.

ఆ నెలకో మిల్లీమీటరు అనే హద్దుని దాటడానికి వైద్యులు తీగని వదిలి ఎముక మీద పడ్డారు. 1959లో ఆస్ట్రియాలో హైన్రిష్ కోలె అనే ఆయన, పన్ను కదలకుండా పట్టుకునేది ఎముక పైన ఉండే గట్టి పెంకేనని భావించాడు. చిగురు తెరిచి, పళ్ళ మధ్య ఆ పెంకుని కోసి, అప్పుడు తీగ వేశాడు. నెలలు పట్టే కదలిక వారాల్లో జరిగిందని రాశాడు. పెంకు కోశాక ఒక్కో పన్నూ తన ఎముక దిమ్మతో సహా ముక్కలా జరుగుతోందని ఆయన నమ్మకం. అది పెద్ద ఆపరేషను. రోగులు జంకారు, వైద్యులూ జంకారు. పద్ధతి చాలాకాలం మూల పడింది.

1983లో హెరాల్డ్ ఫ్రాస్ట్ అనే అమెరికన్ ఎముకల వైద్యుడు పళ్ళతో సంబంధం లేని ఒక సంగతి రాశాడు. ఎముకకి ఎక్కడైనా దెబ్బ తగిలితే, ఆ దెబ్బ చుట్టుపక్కల ఉన్న ఎముకంతా కూల్చడం, కట్టడం అనే రెండు పనులనీ ఒక్కసారిగా వేగం చేస్తుంది. మానే పని జరిగినన్నాళ్ళూ అక్కడ సున్నం తగ్గి ఎముక మెత్తబడుతుంది. తర్వాత మళ్ళీ గట్టిపడుతుంది. 2001లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈరీ ఊళ్ళో విల్కో అన్నదమ్ములు ఈ రెండు ముక్కల్నీ కలిపారు. ఒకరు క్లిప్పులు వేసే వైద్యుడు, ఇంకొకరు చిగుళ్ళ వైద్యుడు. ఇంట్లోనే రెండు శాఖలూ ఉండడం ఎంత సుఖమో! ఇద్దరు రోగుల్లో పెంకు మీద గాట్లు పెట్టి, పైన ఎముక పొడి పరిచి, ఆరు నెలల పైచిలుకులో పళ్ళు వరసలోకి తెచ్చారు. సీటీ స్కాన్లు చూస్తే ఎముక దిమ్మలేవీ కదల్లేదు. గాట్లు పెట్టినచోట సున్నం తగ్గి, పన్ను జరిగాక మళ్ళీ చేరింది. కోలె చేసిన పని పనికొచ్చింది, చెప్పిన కారణమే తప్పు. అది తెలియడానికి నలభయ్యేళ్ళు పట్టింది.

ఈ ముక్క చదువుకున్న రోజుల్లో నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. మాది నల్లరేగడి. వాన పడగానే నాగలి కడితే మట్టి ముద్దలై కర్రుకి అంటుకుంటుంది. పది రోజులు ఊరుకుంటే నేల రాయై కర్రు విరుగుతుంది. మధ్యలో మూడు నాలుగు రోజులు ఉంటాయి. గుప్పెడు మట్టి తీసి పిసికి, వదిలితే పొడిగా రాలితే "పదునొచ్చింది" అనేవారు నాన్నగారు. ఆ నాలుగు రోజులూ ఆయన ఇంటికి అన్నానికి కూడా వచ్చేవారు కాదు. మేమే చేనుకి పట్టుకెళ్ళేవాళ్ళం.

ఆపరేషను ఎముకకి పదును తెస్తుంది. అది చేసేది అంతే. పన్నుని జరిపేది ఎప్పటిలా తీగే. పదును మొదటి ఒకటి రెండు నెలల్లో జోరు మీద ఉంటుంది. నాలుగు నుంచి ఆరు నెలల్లో ఆరిపోతుంది. తర్వాత మళ్ళీ పాత నడకే. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే ఈ అధ్యాయంలో మిగతాది మీరు చదవకపోయినా నష్టం లేదు.

పద్ధతుల పేర్లు చాలా ఉన్నాయి గానీ, మీకు ఎదురయ్యేవి మూడు. మొదటిది విల్కోల దారి, కార్టికాటమీ. చిగురు తెరిచి గాట్లు పెట్టి, ఎముక పొడి పరిచి కుట్లు వేస్తారు. వాపు, నొప్పి, కొన్ని రోజుల మెత్తటి తిండి తప్పవు. ఎముక పల్చగా ఉన్నవాళ్ళకి ఆ పొడి వల్ల అదనపు లాభం ఉండొచ్చు. వేగం మాట పక్కన పెట్టి, ఎముక కోసమే దీన్ని ఎంచుకునే చిగుళ్ళ వైద్యులున్నారు.

రెండోది పీజోసిషన్. 2009లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో సెర్జ్ డిబార్ ఈ పద్ధతి తెచ్చారు. చిగురు తెరవరు. పళ్ళ వేళ్ళ మధ్య చిగురు మీద చిన్న నిలువు గాట్లు పెట్టి, అందులోంచి అతిధ్వని తరంగాలతో కంపించే సన్నని కత్తి దించి, పెంకు మీద సుమారు మూడు మిల్లీమీటర్ల లోతు గీస్తారు. ఆ కత్తి ఎముకని కోస్తుంది, మెత్తటి కండ జోలికి అంతగా పోదు. కుట్లు చాలాసార్లు అక్కర్లేదు. ప్రమాదం ఉన్నదల్లా వేళ్ళ మధ్య చోటు ఇరుకైనప్పుడే. పన్ను మీద పన్ను ఎక్కినవాళ్ళకి ఆ చోటు ఇరుకుగానే ఉంటుంది కదా! కత్తి వేరుని గీరితే ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. అందుకే ముందు మూడు వైపుల స్కాను చూడకుండా కత్తి పట్టే వైద్యుణ్ణి చూస్తే నాకు భయం. ఇంకోటి, చిగురు మీద గాటు పెట్టినచోట తెల్లటి మచ్చ మిగలొచ్చు. నవ్వితే పై చిగురు కనపడేవాళ్ళు దీన్ని అద్దం ముందు నిలబడి ఆలోచించుకోవాలి.

మూడోది అందరికీ నచ్చేది, ఎందుకంటే భయం తక్కువ. మత్తు ఇచ్చి, ఒక చిన్న మర లాంటి పరికరంతో చిగురు పైనుంచే ఎముకకి మూడు నాలుగు చిల్లులు పెడతారు. పది నిమిషాల పని. 2013లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇరవై మంది మీద దీన్ని చేసి చూసి, కోరపన్ను 2.3 రెట్లు వేగంగా జరిగిందని రాశారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. ప్రకటనల్లోకీ ఎక్కింది. ఆ పరీక్ష నడిచింది 28 రోజులు మాత్రమే అన్న సంగతి ప్రకటనల్లోకి ఎక్కలేదు. 2018లో జోర్డాన్‌లో మూడు నెలలపాటు చేసిన పరీక్షలో చిల్లులు పెట్టిన వైపుకీ పెట్టని వైపుకీ తేడా ఏమీ కనపడలేదు.

ఇవి కాక, పన్ను తీసిన గూటి గోడని పల్చన చేసి కోరపన్నుని మరలతో మూడు వారాల్లో లాగే పద్ధతి తైవాన్‌లో పుట్టింది. దవడలే ముందుకో వెనక్కో ఉన్నవాళ్ళకి, పళ్ళు సర్దడం కంటే ముందే దవడ ఆపరేషను చేసే పద్ధతి కూడా ఉంది. అది వేరే కథ, వేరే అవసరం. పళ్ళని వణికించే పరికరాలూ, వెలుగు కొట్టే పరికరాలూ అమ్ముతారు. వాటి మీద ఈ పుస్తకంలో కాగితం ఖర్చు చేయదలచుకోలేదు.

మరి ఆపరేషను పనిచేస్తుందా, చెయ్యదా? సూటిగా చెప్పమంటే, కొందరిలో, కొంతకాలం, కొంత. బెల్జియంలోని లియేజ్‌లో 24 మంది పెద్దవాళ్ళ మీద 2016లో ఒక పరీక్ష చేశారు. వాళ్ళ పళ్ళు కొద్దిగా ఇరుక్కున్నవే. పీజోసిషన్ చేసినవాళ్ళకి మొత్తం చికిత్స 43 శాతం తగ్గింది. ఆ మరుసటేడు అమెరికాలో కింది ముందు పళ్ళ మీద చేసిన అలాంటి పరీక్షలో, వరసలోకి రావడానికి గాట్లు పెట్టిన జట్టుకి సుమారు 102 రోజులు, పెట్టని జట్టుకి 112 రోజులు పట్టింది. పది రోజుల కోసం చిగురు కోయించుకుంటారా? 2015లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ వడగట్టితే నిలబడినవి నాలుగే. వాటిలో ఉన్నవాళ్ళు మొత్తం 57 మంది. వేగం కొంత కనపడింది గానీ ఆధారం బలహీనం అని వాళ్ళు తేల్చారు. తర్వాత ఎన్నో పరీక్షలు వచ్చాయి. నా వైఖరి పెద్దగా మారలేదు.

వేగం ఎక్కడ పోతోంది

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం. దీన్ని ఏ ప్రకటనా చెప్పదు. క్లిప్పుల చికిత్స సగటున ఇరవై నెలలని పలు దేశాల పరీక్షలన్నీ కలిపి 2016లో లెక్కగట్టారు. ఆ ఇరవై నెలలూ పన్ను పరుగెత్తడానికే పట్టేవి కావు. మొదట వంకరలు విప్పడానికి అయిదారు నెలలు. తర్వాత, పన్ను తీసినవాళ్ళకైతే, సందు మూయడానికి ఏడెనిమిది నెలలు. చివరి నాలుగైదు నెలలు పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదానితో ఒకటి సరిగ్గా కూర్చునేలా చిన్న చిన్న సర్దుబాట్లు. ఈ చివరి దశలో పన్ను అరమిల్లీమీటరు కూడా జరగక్కర్లేదు. అక్కడ వేగంతో పని లేదు. కంటితో, చేత్తో పని. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు గబగబా పెట్టొచ్చు గానీ గీతలు కలిపేటప్పుడు చెయ్యి నెమ్మదిస్తుంది, అలాగన్నమాట.

కాబట్టి పదును పనికొచ్చేది మొదటి రెండు దశల్లో, అదీ కొన్ని నెలలు. ఆ కొన్ని నెలల్లో పన్ను ఒకటిన్నర రెట్లు వేగంగా జరిగిందే అనుకోండి, మీకు మిగిలేది ఒకటి రెండు నెలలు. మొత్తం కాలం సగమవుతుందని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ళ ముందు వేసి చూపించమనండి.

రెండో పక్క చూడండి. నెలకోసారి రావాల్సిన మనిషి మూడుసార్లు రాకపోతే మూడు నెలలు పోతాయి. క్లిప్పు ఊడితే, అది తిరిగి అతికించేదాకా ఆ పన్ను తన పాత చోటికి తిరుగుముఖం పడుతుంది. అంటే ఆ నెల పని పోవడమే కాక, అంతకుముందు నెల పనిలోనూ కొంత పోతుంది. చికిత్స ఎందుకు సాగిందో వెతికిన పరిశోధనల్లో తరచూ తేలే కారణాలు ఈ రెండే, తప్పిన తారీఖులూ ఊడిన క్లిప్పులూ. మా జిల్లాలో క్లిప్పుల శత్రువుల పేర్లు చెప్పమంటే నేను వరసగా చెప్పగలను. ఆవకాయ టెంక, జంతికలు, చెరకు ముక్క, వేరుశనగ ఉండ, ఆదివారం నల్లి ఎముక. సంక్రాంతి మర్నాడు నా క్లినిక్కు ముందు వరస చూడాలి మీరు! ఒక పెద్దమనిషి, ఎముక కొరికి మూడు క్లిప్పులు ఒకేసారి ఊడగొట్టుకొచ్చి, "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అంటారు కదా మేడమ్, నావి క్లిప్పులేగా" అని నన్నే నవ్వించాడు.

కొందరికి క్లిప్పు ఊడడంలో వాళ్ళ తప్పు ఉండదు. నల్గొండ వైపు నుంచి, కనిగిరి వైపు నుంచి వచ్చే రోగుల్లో ఫ్లోరైడు నీళ్ళ వల్ల పంటి పైపొర మచ్చలు పడి ఉంటుంది. అలాంటి పొర మీద జిగురు సరిగ్గా పట్టదు. వాళ్ళకి పన్ను పైపొరని సిద్ధం చెయ్యడంలో అదనంగా పది నిమిషాలు ఖర్చు పెడితే, తర్వాత నెలలు మిగులుతాయి. వాళ్ళకి వేగం కావాలంటే నేను ముందు మాట్లాడేది జిగురు గురించే, ఆపరేషను గురించి కాదు.

నేను చేసిన పొరపాటు

ఏడెనిమిదేళ్ళ క్రితం ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చాడు. చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయి. స్కాను బాగుంది. వేళ్ళ మధ్య చోటుంది. కింది పళ్ళు కొద్దిగా ఇరుక్కున్నాయి. పుస్తకంలో బొమ్మలా సరిపోయిన మనిషి. చిగుళ్ళ వైద్యుడితో మాట్లాడి పీజోసిషన్ చేయించాను. పదునున్న రోజుల్లో రెండు వారాలకోసారి తీగ మార్చాలి. రెండోసారి వచ్చి వెళ్ళాక ఫోను. "మేడమ్, ఆన్‌సైట్ వచ్చింది, డాలస్ వెళ్తున్నా." పదకొండు వారాల తర్వాత తిరిగొచ్చాడు. నేను వేసిన సన్న తీగ చెయ్యగలిగింది మొదటి నెల్లోనే చేసి చేతులు ముడుచుకుంది. ఎముక మళ్ళీ గట్టిపడింది. దుక్కి దున్నించి, విత్తనం వెయ్యకుండా ఊరెళ్ళినట్టయింది.

తప్పు అతనిది కాదు. ఆన్‌సైట్ మాట తన మేనేజరు రెండు నెలలుగా అంటూనే ఉన్నాడట. నేను అడగలేదు. చిగుళ్ళు చూశాను, స్కాను చూశాను, అతని క్యాలెండరు చూడలేదు. అప్పట్నించి ఆపరేషను మాటెత్తిన ప్రతివాళ్ళనీ ముందు ఫోను తీసి రాబోయే ఆరు నెలలు చూపించమంటాను. మీ వైద్యులు అడక్కపోతే మీరే తెరిచి చూసుకోండి. రెండు వారాలకొకటి చొప్పున పన్నెండు పదమూడు తారీఖులు పెట్టండి. వాటిల్లో పండగలు, ఆఫీసు పనులు, ఊరి ప్రయాణాలు గీతలు కొట్టి చూడండి. పది కంటే తక్కువ మిగిలితే, ఆపరేషనుకి పెట్టే డబ్బుతో బంగారం కొనుక్కోండి.

ఆ కుర్రాడి విషయంలో ఇంకో పొరపాటు కూడా ఉందని తర్వాత తెలిసింది. ఆపరేషనైన రెండో రోజు నొప్పిగా ఉందంటే వాళ్ళ బాబాయిగారు ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్ మాత్రలు ఇచ్చారు. వారం వేసుకున్నాడు. ఎముకకి పదును తెచ్చేది ఆ గాయం చుట్టూ వచ్చే వాపూ, రసాయనాలే. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి సరిగ్గా ఆ రసాయనాలనే అణుస్తాయి. కావాలని రాజేసిన పొయ్యి మీద మనమే నీళ్ళు చల్లడం అది. అందుకే ఇలాంటి ఆపరేషన్ల తర్వాత మేము పారాసిటమాల్ రాస్తాం. నొప్పి మాత్ర మా చీటీలో ఉన్నదే వాడండి. బాబాయిగారి ప్రేమని కాఫీతో సరిపెట్టమనండి.

ఎవరు దీని జోలికి పోకూడదు? చిగుళ్ళలో చీము, రక్తం ఉన్నవాళ్ళు ముందు అది నయం చేయించుకోవాలి. షుగరు అదుపులో లేనివాళ్ళు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళు, సిగరెట్టు మానలేనివాళ్ళు ఆలోచించుకోవాలి. గాయం మానడంలోనే వీళ్ళకి చిక్కులుంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఎముకలు గుల్లబారాయని వారానికో మాత్ర వేసుకుంటున్న ఆడవాళ్ళు, కాన్సరు చికిత్సలో ఎముకలకి ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఆ మందులు ఎముకని కరిగించే కణాలనే నిద్రపుచ్చుతాయి. అలాంటి దవడని కోస్తే గాయం మానకుండా ఎముక చచ్చుబడే ప్రమాదం ఉంది. "పళ్ళకీ మోకాళ్ళ మాత్రకీ సంబంధమేంటి" అనుకుని చాలామంది చెప్పరు. షష్టిపూర్తి పెద్దాయన ఇంట్లో కూడా అదే జరిగింది. క్లిప్పులు ఆయనకే అనుకున్నాం. మాటల్లో వాళ్ళావిడ కూడా వేయించుకుంటానన్నారు. మందుల డబ్బా తెమ్మంటే అందులో ఆ వారపు మాత్ర ఉంది. ఆవిడకి ఆపరేషను మాట నేను ఎత్తనే లేదు. ఆయనకేమో షుగరు. మూడు నెలలు చిగుళ్ళు బాగు చేయించి, మామూలు క్లిప్పులే వేశాను. షష్టిపూర్తి ఫొటోల్లో ఆయన మీసం కింద తీగ మెరుస్తూనే ఉంది.

మీరు వైద్యుడి ఎదురుగా కూర్చున్నప్పుడు "త్వరగా అవుతుందా?" అని అడక్కండి. అవుననే జవాబు వస్తుంది. "నా చికిత్సలో ఏ దశ ఎన్ని నెలలు? అందులో ఈ ఆపరేషను ఏ దశని తగ్గిస్తుంది, ఎన్ని నెలలు తగ్గిస్తుంది?" అని అడగండి. చేసేది ఎవరో అడగండి. తీగలు చూసే మనిషీ, కత్తి పట్టే మనిషీ వేరైతే వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారో లేదో తెలుసుకోండి. తీగలు ముందే వేసి, అవి పనిలో ఉండగా ఆపరేషను చేస్తారా, లేక చేశాక వేస్తారా అన్నది కూడా అడగాల్సిందే. పదును వచ్చాక నాగలి వెతుక్కుంటూ కూర్చోకూడదు. చిగురు కిందకి జారితే, పన్ను రంగు మారితే ఏం చేస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఇన్ని అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. మంచి వైద్యులకి ఈ ప్రశ్నలు నచ్చుతాయి. నచ్చని చోట నుంచి చెప్పులు తొడుక్కుని బయటికి రావడానికి కూడా అదే మంచి గుర్తు.

ఒక మాట మర్చిపోయేదాన్ని. త్వరగా జరిగిన పన్ను, నెమ్మదిగా జరిగిన పన్ను, రెండూ వెనక్కి వెళ్ళాలనే చూస్తాయి. చిగురులోని నారలు పాత చోటు గుర్తు పెట్టుకుంటాయి. క్లిప్పులు తీశాక రిటైనరు రాత్రిపూట పెట్టుకునే ఓపిక లేకపోతే మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఒకటే.

సరే, లగ్నపత్రిక సంగతికి వద్దాం. ఆ అమ్మాయి కేసు నిజానికి పీజోసిషన్‌కి పనికొచ్చేదే. పన్ను తీయక్కర్లేదు. ఇరుకు కొద్దిగానే. ఆరోగ్యం బాగుంది. ఫోను తెరిచి ఆరు నెలలు చూడమన్నాను. తనే లెక్కపెట్టింది. బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి, మళ్ళీ ఆ రాత్రే బస్సెక్కాలి. అలా పదమూడుసార్లు. కార్తీకంలో వాళ్ళ ప్రాజెక్టు గడువు. ధనుర్మాసంలో పెళ్ళి షాపింగు. గీతలు కొట్టగా ఏడు మిగిలాయి.

"ఏడిటికి ఆపరేషనెందుకు మేడమ్?" అంది.

తల్లి మొహం మాడిపోయింది. "పోనీ పెళ్ళయ్యాకే మొదలెడదామా?" అంది. ఆపరేషను లేకపోయినా మాఘం నాటికి ముందు పళ్ళ వంకర చాలావరకు విప్పొచ్చని చెప్పాను. మొదటి దశ ఎలాగూ అయిదారు నెలలే. పని పూర్తి కాదు. కానీ ఫొటోలో కనపడేది అయిపోతుంది. కావాలంటే పెళ్ళి వారం క్లిప్పులు తీసేసి, పారదర్శకంగా ఉండే పల్చటి తొడుగు ఇచ్చి, తర్వాత మళ్ళీ అతికిస్తాను. అలా చేస్తే ఒకటి రెండు నెలలు అదనంగా పడుతుందని కూడా చెప్పాను. పంటి రంగులో ఉండే సిరామిక్ క్లిప్పులు వేశాం. ఏడు తారీఖుల్లో ఆరుసార్లు వచ్చింది. ఒకసారి తుఫాను వల్ల బస్సు రాలేదు.

పుష్యమాసంలో అడిగాను, పెళ్ళికి క్లిప్పులు తీసెయ్యమంటావా అని. అద్దంలో కాసేపు చూసుకుంది. "రెండు నెలలు వెనక్కి పోతుందన్నారుగా. ఉండనివ్వండి మేడమ్" అంది. తల్లి ఆ రోజు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఫాల్గుణంలో ఆవిడే ఆల్బమ్ పట్టుకుని వచ్చింది. జీలకర్ర బెల్లం పెట్టే ఫొటో దగ్గర ఆగి నా వైపు తిప్పింది. పిల్ల పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. కుడిచెయ్యి పెళ్ళికొడుకు నెత్తి మీద ఉంది. దగ్గరగా చూస్తేగానీ తీగ తెలియదు.

"చూశారా మేడమ్, ఆ పక్క పన్ను ఇంకా కాస్త తిరిగే ఉంది" అంది తల్లి, వేలు పెట్టి చూపిస్తూ.

చూశాను. నిజమే. వాళ్ళ అమ్మాయి తర్వాతి తారీఖు ఉగాది మర్నాడు. పై తీగ మార్చాలి.